ముగ్గు మీద టైరు గీత

ముందు మొద్దుబారింది కుడిచేతి చిటికెన వేలు, ఆ తర్వాత దాని పక్కది. చెన్నై తొండియార్‌పేటలో మా ఇంటి నుంచి తిరువొత్తియూరు దాకా సముద్రం పక్కగా సైకిల్ తొక్కి రావడం నాకు రిటైరైన నాటి నుంచి అలవాటు. ఒక ఉదయం అలాగే తిరిగొచ్చి, కాఫీ తాగి, డైరీ తెరిచాను. పెన్ను పట్టుకున్న సంగతి కంటికి తెలుస్తోంది గాని చేతికి తెలియడం లేదు. అక్షరాలు గీత దిగి పక్కకు ఒరిగిపోయాయి. కాలేజీలో చేరినప్పుడు మొదలుపెట్టిన అలవాటు ఈ డైరీ. మా నాన్న పోయిన రోజు కూడా రెండు వాక్యాలు రాశాను. అలాంటిది, సముద్రం మీద మబ్బు పట్టిందని రాయడానికి చెయ్యి రాలేదు.

అరచేతిలో నరం నలుగుతోందని డాక్టరు చెప్పారు. హ్యాండిల్ నుంచి వచ్చే అదురు తగ్గించుకోమన్నారు. రెండు నెలల్లో తగ్గకపోతే సైకిల్ మానేయాలి, మానకపోతే వేళ్ళు ఇక రాతకు పనికిరాకపోవచ్చు అన్నారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ తేల్చేసింది.

"రెండు నెలలెందుకండీ? ఇయ్యాళే అమ్మేస్తే పోలా? ఈడ హాల్లో చోటన్నా మిగుల్తాది."

"అదురు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవద్దా?"

"కనుక్కుంటే ఏమొస్తాది? సుమ్మా, ఊరికే ఒక పని పెట్టుకుంటారు మీరు."

నేను ముప్పై ఏళ్ళకు పైగా తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ల గేజీలు చూసినవాణ్ణి. ఏదైనా తేడా చేస్తే ఒక మర తిప్పడం, ఏమవుతుందో చూడడం, తర్వాతే ఇంకో మర ముట్టుకోవడం అక్కడి పద్ధతి. రెండూ ఒకేసారి తిప్పితే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. సైకిల్ విషయంలోనూ అలాగే చేద్దామనుకున్నాను. నాది వంపు హ్యాండిల్ ఉన్న రోడ్డు సైకిల్, సన్న టైర్లది. అనుమానించాల్సినవి మూడు కనిపించాయి: టైర్లు, హ్యాండిల్‌కు చుట్టిన టేపు, సీటు వాలు. మొదటి వంతు టైర్లకు ఇచ్చాను.

పురసవాక్కంలో బట్టల షాపుల వెనక సందులో నాకు తెలిసిన సైకిల్ షాపు ఒకటి ఉంది. యజమాని మా వయసువాడే. వాళ్ళూ తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. వెడల్పు టైరు కావాలంటే ఆయన మొహం చిట్లించాడు.

"సార్, రేసు బండికి ఇరవై మూడు మిల్లీమీటర్లే గెత్తు. లావు టైరు ఏస్తే పాలబండి మాదిరి ఉంటాది."

"నాకిప్పుడు గెత్తూ దర్జా ఎందుకయ్యా? వేళ్ళు కావాలి."

"అట్టయితే ఇరవై ఎనిమిది చూడండి. మీ బ్రేకు కింద పట్టతాదో పట్టదో, అదే డౌటు."

రకరకాల టైర్లు తెచ్చి బల్ల మీద పరిచాడు. వాటిని చేతుల్లోకి తీసుకుని చూడడం నాకు పండగలా ఉంది. ఒకటి చెప్పు అడుగులా బిరుసుగా ఉంది. ఇంకోటి మడిస్తే జేబురుమాలంత అయింది. లోపలి నేత ఎంత సన్నదైతే టైరు అంత మెత్తగా వంగి గతుకును మింగేస్తుందట. మెత్తని జత తీసుకున్నాను. ఆయన చక్రానికి ఎక్కించి గాలి కొట్టాక, టైరుకీ బ్రేకుకీ మధ్య నా సీనియర్ సిటిజన్ బస్ పాస్ దూర్చి చూశాను. రాసుకోకుండా దూరింది.

టైరు పక్కన, దాటకూడని గాలి ఎంతో అచ్చువేసి ఉంటుంది. సైకిల్ కొన్న నాటి నుంచి నేను సరిగ్గా అక్కడిదాకానే కొడుతున్నాను. బొటనవేలితో నొక్కితే రాయిలా ఉండాలని చిన్నప్పుడు సైకిల్ షాపుల్లో నేర్చుకున్నదే. కొత్త టైర్లకూ అంతే కొట్టాను. పొద్దున్నే పంపు చప్పుడు చేస్తే మేడమీదివాళ్ళకు నిద్రాభంగం కాబట్టి సాయంత్రమే కొట్టి, గేజీలో అంకె చూసి, హాల్లో గోడకు ఆనించేవాణ్ణి.

వారం తొక్కాను. వేళ్ళు అలాగే ఉన్నాయి. డైరీలో ఒక్కో రోజుకు నాలుగైదు మాటలకు మించి రాయలేకపోతున్నాను.

అప్పుడే ఒక మధ్యాహ్నం, పక్కింటావిడ మా హాల్లో కూర్చుని మజ్జిగ తాగుతుండగా, ఆమె చెవి పక్కనే వెనకటైరు ట్యూబు పేలింది. గ్లాసు ఎగిరి సోఫా మీద పడింది. ఆవిడ తమిళంలో మురుగన్‌ను తలుచుకుంటూ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది.

"ఇంట్లో బాంబు పెట్టుకున్నారని వీధంతా చెప్తా ఉంటాది చూడండి" అంది మా ఆవిడ, సోఫా తుడుస్తూ.

ఎండ వేడికి గాలి పెరుగుతుందని నేను వివరించబోతే, "ఆ పాఠం ఆమెకు చెప్పండి పోయి" అంది.

కొత్త ట్యూబు వేసి, ఇక టైర్ల వంతు అయిపోయిందని రాసుకుని, టేపుకు వచ్చాను. పాతది విప్పి, కార్కు కలిసిన మందమైన టేపు చుట్టాను. నాలుగో రోజుకే తేడా తెలిసింది. చిటికెన వేలికి స్పర్శ వచ్చింది. పది రోజులయ్యేసరికి డైరీలో సగం పేజీ నిండింది, అక్షరాలు గీత మీద నిలబడ్డాయి. దోషం టేపుదని తేలిందని పెద్దక్షరాలతో రాసి కింద గీత కొట్టాను.

ఆ మర్నాడు గడప దాటి, గేటు వేయడానికి వెనక్కి తిరిగాను. మా ఆవిడ నాకంటే ముందు లేచి వాకిట్లో ముగ్గు వేస్తుంది. నేను దాని మీదుగా సైకిల్ దించుతాను. దానికి రోజూ తిట్లు తింటాను కూడా. ఆ రోజు ముగ్గు మీద టైరు గీత నా వేలంత వెడల్పుగా ఉంది. అంత గాలి కొట్టిన టైరు దారమంత గీత గీయాలి. వంగి చూశాను. ముందు చక్రాన్ని నొక్కితే బొటనవేలు కాస్త దిగింది.

"ఏందే, గాలి ఎట్లా తగ్గింది?"

ఆమె ముగ్గు డబ్బా మూత పెడుతూ, "నేనే తీసినా" అంది.

"నువ్వా? ఎప్పటి నుంచి?"

"అది పేలినప్పటి నుంచి. మీరు లేచేలోపల ఆ చిన్న మర వదులు చేసి, బుస్సుమని కొంచెం పోనిస్తా. మీరు చేసేది చూసి నేర్చుకున్నా."

"రోజూనా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఊరుకుంటారా? ఫ్యాక్టరీలో గేజీ ముల్లు ఎర్రగీత దాకా పోనిస్తే ఉద్యోగం పోతాదని మీరే కదా చెప్పేది? ఇంట్లో మాత్రం దినమూ ఎర్రగీతేనా?"

అన్నేళ్ళు గేజీలు చూసినవాడికి దాటకూడని అంకె వేరు, నడపాల్సిన అంకె వేరు అని టైరు దగ్గర తట్టనేలేదు.

అయితే అసలు చిక్కు అలాగే ఉంది. టేపు, గాలి రెండూ ఒకేసారి మారాయి. వేళ్ళను బాగుచేసింది ఏది? తీరం పక్కన కంటెయినర్ లారీలకు దారిస్తూ ఆ ఉదయమంతా అదే ఆలోచించాను. తిరిగొచ్చేసరికి ఒక ఉపాయం తట్టింది. సాయంత్రం నేను ఎప్పటిలా పూర్తిగా కొడతాను. పొద్దున ఆమె తన ఇష్టప్రకారం కొన్ని రోజులు గాలి తీయాలి, కొన్ని రోజులు తీయకూడదు. నాకు చెప్పకూడదు. నేను టైరు నొక్కి చూడను, వేళ్ళు ఎలా ఉన్నాయో మాత్రం రాస్తాను. రెండు వారాల తర్వాత పోల్చి చూద్దాం. గీత చూసి కనిపెట్టకుండా, అన్నాళ్ళూ నేను వెళ్ళాకే ముగ్గు వేయాలి.

"గట్టిగా ఉన్న రోజు మళ్ళీ మొద్దుబారితే?" అంది.

"ఒక్క రోజుకు ఏమీ కాదు. తెలిసిపోతుంది కదా."

"ఊ" అంది. అంత సులువుగా ఒప్పుకుంటుందని అనుకోలేదు.

ఆ రెండు వారాలూ ఎంతో ఆసక్తిగా గడిచాయి. బండి గేటు దాటగానే ఇవాళ గట్టిదా, మెత్తదా అని చేతులతో వినడానికి ప్రయత్నించేవాణ్ణి. కొన్ని రోజులు ఇది కచ్చితంగా గట్టిదే అనిపించేది. ఆ రోజుల్లో చిటికెన వేలు కొద్దిగా చిమచిమలాడింది కూడా. అదే రాశాను.

గడువు అయ్యాక డైరీ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"మొదటి సోమవారం గట్టిదే కదా?"

"కాదు, తీసినా."

"గురువారం?"

"తీసినా."

"పోనీ ఆ ఆదివారం? నాకు వేలు చిమచిమలాడింది."

"తీసినా."

"ఒక్క రోజైనా వదిలిపెట్టలేదా?"

ఆమె స్టవ్ తగ్గించి నావైపు తిరిగింది.

"మీ చెయ్యి పాడయ్యేదానికి నేను సాయం చెయ్యాల్నా? రాసేది లేకుంటే పగలంతా నా ప్రాణం తీస్తారు. తెలిసే చెప్తా ఉండా."

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాశాను, చిమచిమల సంగతితో సహా. రెండు పేజీలు పట్టింది. పెన్ను ఎక్కడా జారలేదు.

సాయంత్రం పంపు ముందు కూర్చుని ఎర్రగీతకు చాలా ముందే ఆపేశాను. ఆమె వచ్చి రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూసి లోపలికి వెళ్ళింది. ఇప్పుడు వాకిట్లో ముగ్గు మళ్ళీ నాకంటే ముందే ఉంటోంది, దాని మీద నా గీత వేలంత వెడల్పుగా పడుతోంది. పాత టేపు మాత్రం పారేయలేదు, చుట్టి బీరువాలో దాచాను. మెత్తని గాలితో దాన్ని ఒక్క వారం చుట్టి చూస్తే అసలు సంగతి తేలిపోతుంది. ఆ మాట ఆమెకు ఇంకా చెప్పలేదు.