గళ్ళ జెండా ఎత్తని ఆదివారం

ఆయన లిఫ్టుల మెకానిక్కు. వారానికి ఆరు రోజులు ఇరుకు గోతుల్లో, గ్రీజు వాసనలో, మనుషుల బరువు మోసే ఇనుప తాళ్ళ మధ్య పని. ఏడో రోజు జలాశయం ఒడ్డున ఉన్న తెరచాప పడవల క్లబ్బులో పని. అక్కడ జీతం లేదు. ఆయనకి పడవా లేదు. ఇరవై మూడేళ్ళుగా చేసింది ఒకటే: పందేనికి ముందు మోటారు బోటులో వెళ్ళి నీళ్ళ మీద దారి గుర్తులుగా తేలే మూడు బోయాలు నిలబెట్టడం, పందెం అయ్యాక వాటిని పైకి లాగి తేవడం. పడవలన్నీ ఆ నారింజ రంగు బోయాలను చుట్టి రావాలి. ముందు వచ్చినవాళ్ళది గెలుపు. బోయా కదిలితే ఇక అది పందెమే కాదు.

క్లబ్బులో అందరికీ ఆయన "బావ". అలా పిలవాల్సినవాడు నిజానికి ఒక్కడే, భార్య తమ్ముడు. కానీ అతని గొంతు పెద్దది. ఈ ఒడ్డున నిలబడి "బావా!" అంటే అవతలి ఒడ్డున పక్షులు లేచేవి. వినీ వినీ అందరికీ అదే అలవాటైంది. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై క్లబ్బుకి సెక్రటరీ అయిన పెద్దాయన కూడా "బావగారూ" అనేవారు.

బావమరిది కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. అతనికి పడవ ఉంది, పిచ్చి ఉంది, కప్పు మాత్రం లేదు. సీజన్ మొత్తానికి ఇచ్చే పెద్ద కప్పుకి తొమ్మిదిసార్లు రెండో స్థానంలో నిలిచాడు. గత ఆరేళ్ళలో నాలుగుసార్లు దాన్ని పట్టుకుపోయింది పళ్ళ డాక్టరమ్మ.

"ఆవిడకి కప్పు, నీకు సాసరు. అలా రాసిపెట్టుంది రా," అనేవాడు బావ.

"నువ్వు తల్చుకుంటే రాత మారదా? ఆ మూడో బోయా ఒక్క పది గజాలు నా వైపు జరిపితే నీ సొమ్మేం పోయింది? పిల్లనిచ్చిన ఇల్లయ్యా మాది!"

"పిల్లనిచ్చారు కాబట్టే ఇన్నాళ్ళూ నిన్ను భరిస్తున్నా. బోయా జరిగిన రోజు నేను ఈ ఒడ్డుకి రాను."

ఈ మాటలు ఏటా క్లబ్బంతా వినేది, నవ్వేది.

నవ్వులాట ఎలా ఉన్నా, ఆయన పని మాత్రం నవ్వులాట కాదు. ప్రతి బోయాకీ అడుగున ఒక ఇనుప దిమ్మ. పాత లిఫ్టుల నుంచి ఊడదీసిన బరువులు అవి. దిమ్మకీ బోయాకీ మధ్య తాడు నీటి లోతుకి మూడింతలు ఉండాలి. అప్పుడే గాలి ఎంత గుంజినా తాడు ఏటవాలుగా సాగుతుంది కానీ దిమ్మని పైకి లేపదు. అందుకని ప్రతి ఆదివారం సీసపు గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి, ముడులు లెక్కపెట్టి, లోతు చూసుకుని, దాన్నిబట్టి తాడు వదిలేవాడు. పోయిన వారం కొలిచాం కదా అని ఎవరైనా అంటే, "పోయిన వారం లిఫ్టు ఆడింది కదా అని ఈ వారం ఎక్కుతారా?" అనేవాడు.

ఈసారి సీజన్లో చివరి పందేనికి వచ్చేసరికి డాక్టరమ్మ బావమరిది కన్నా ఒకే ఒక్క పాయింటు ముందుంది. ఆ రోజు ఇద్దరిలో ఎవరు ముందొస్తే వాళ్ళదే కప్పు. మర్నాటి నుంచి జలాశయం అధికారులు చలికాలానికి నీళ్ళ మీద పడవలు బంద్ చేస్తారు. బావమరిదికి మళ్ళీ ఏడు లేదు. పడవ అంచు మీంచి వెనక్కి వేలాడి వేలాడి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆపరేషన్‌కి తారీఖు పడింది. ఆ తర్వాత మెట్లెక్కొచ్చు, పడవెక్కకూడదు అని డాక్టరు తేల్చేశాడు. యాభై నాలుగేళ్ళ మనిషి అక్క ఇంటికొచ్చి, వంటగది గుమ్మంలో నిలబడి, "ఇదొక్కటే మిగిలిందక్కా," అని వెళ్ళాడు.

ఆ ఆదివారం పొద్దున్నే బావకి ఫోను. ఒక అపార్టుమెంటులో నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒక ముసలావిడ, ఆవిడ మనవరాలు. వాళ్ళని దింపి, చేతులు కడుక్కుని క్లబ్బుకి చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. పడవలన్నీ తెరచాపలు ఎత్తుకుని కాచుకుని ఉన్నాయి. బోటెక్కుతుంటే ఒడ్డు మెట్లలో రెండు కొత్తగా మునిగి కనిపించాయి. పైన వానలు పడి నీరు పెరిగింది. చూశాడు, కానీ ఆ చూసింది బుర్రలోకి వెళ్ళలేదు. మొదటి రెండు బోయాల దగ్గర లోతు కొలిచాడు. మూడోది అన్నిటికన్నా దూరంగా, గాలికి ఎదురుగా, నీళ్ళ అడుగున మునిగిన పాత వాగు గట్టు మీద వేయాలి. దాన్ని పోయిన వారం లెక్కతోనే వదిలేశాడు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి.

పందెం సగమయ్యేసరికి గాలి ఊపందుకుంది, జల్లు మొదలైంది. బావ మూడో బోయాకి కాస్త అవతల బోటు ఆపుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ అందరికన్నా ముందొచ్చి, బోయాని చుట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నిమిషం వెనకాల బావమరిది. అప్పుడు బావ తలెత్తి చూస్తే, బోయా వెనకాల తిన్నగా కనిపించాల్సిన అవతలి ఒడ్డు నీళ్ళ ట్యాంకు కనిపించలేదు. పక్కకి జరిగి ఉంది. జరిగింది ట్యాంకు కాదు. దిమ్మ గట్టు మీంచి లోతులోకి జారింది. తాడు చాలక నీళ్ళలో వేలాడుతోంది. బోయా గాలికి కొట్టుకుంటూ నెమ్మదిగా, నేరుగా బావమరిదికి ఎదురొస్తోంది.

ఆయన కాళ్ళ దగ్గర నీలం, తెలుపు గళ్ళ జెండా ఉంది. అది ఎత్తి మూడుసార్లు ఈల ఊదితే పందెం రద్దు. అప్పటికి టైము పదకొండు. దిమ్మ సరిచేసి పందెం మళ్ళీ పెట్టుకోవడానికి మధ్యాహ్నమంతా ఉంది.

ఆయన ఈల నోట్లో పెట్టుకున్నాడు. బావమరిది దగ్గరికొస్తున్నాడు. వర్షంలో కళ్ళు చికిలించి, ఒళ్ళంతా పడవ బయటికి వేలాడేసి, పాడైపోయిన మోకాళ్ళ మీద బరువంతా ఆపుకుని వస్తున్నాడు. ఒక్క నిమిషం చూద్దాం అనుకున్నాడు బావ. ఆ నిమిషంలో బావమరిది నలభై గజాలు తక్కువ దూరం ప్రయాణం చేసి బోయాని చుట్టేశాడు. ఆ తర్వాత ఎత్తడానికి చేయి రాలేదు.

బావమరిది ఒక్క పడవ పొడవు తేడాతో గెలిచాడు.

ఒడ్డున ఫొటోలు తీశారు. అంత గొంతున్న మనిషి ఆ రోజు కేకలేమీ వేయలేదు. తడి బట్టలతోనే బల్ల మీద కూర్చుని, కప్పు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చెక్కిన పాత పేర్లు వేలితో తడుముతున్నాడు. బావ ఒక్కడే బోటులో వెళ్ళి బోయాలు లాగేసి వచ్చాడు. మూడోది ఎక్కడుందో ఇంకెవరూ చూడలేదు.

సోమ, మంగళ, బుధవారాలు కప్పు కళ్ళద్దాల షాపు కౌంటరు మీద ఉంది. కళ్ళు పరీక్ష చేయించుకోడానికి వచ్చినవాళ్ళకి ముందు అక్షరాల అట్ట కాకుండా కప్పు చూపిస్తున్నాడని షాపు ఓనరు నవ్వుతూ చెప్పాడు. అక్క బంధువులందరికీ ఫోన్లు చేసింది. బావ మాత్రం కక్కలేడు, మింగలేడు.

గురువారం సాయంత్రం క్లబ్బులో సీజన్ చివరి మీటింగు. గదిలో పదిహేను కుర్చీలు, ఒక ఇనుప బీరువా, గోడకి ఆరేసిన తాళ్ళు. సెక్రటరీ గారు ఫలితాలు చదివి, కాగితం బావ ముందు పెట్టారు. దాని అడుగున ఏటా ఉండే వాక్యమే ఉంది: "అన్ని పందేలలోనూ బోయాలు తమ స్థానాల్లో ఉన్నాయి." కింద బోయాలు వేసినవాడి సంతకానికి చోటు.

"కానివ్వండి బావగారూ, టీ చల్లారిపోతుంది," అన్నారు సెక్రటరీ.

బావ పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దాన్ని కాగితం మీద పెట్టేసి, "ఆదివారం మూడోది జారిందండీ. నేను లోతు కొలవలేదు," అన్నాడు.

ఎప్పుడు జారింది, ఎంత జారింది, ఎవరు చుట్టాక జారింది, అన్నీ అడిగారు. అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. వెనక కుర్చీలోంచి ఎవరో, "పది గజాలని అడిగితే నలభై ఇచ్చాడన్నమాట," అన్నారు. ఎవరూ నవ్వలేదు. అన్నవాడే తల దించుకున్నాడు.

"నాకొద్దండీ," అంది డాక్టరమ్మ. "జరిగిందేదో జరిగింది. ఆయన దగ్గరే ఉండనివ్వండి."

"మీకొద్దంటే రూలుకి వద్దా అమ్మా?" అన్నారు సెక్రటరీ, ఎంతో కష్టంగా. "జరిగిన బోయాతో నడిచిన పందెం చెల్లదు. మళ్ళీ పెడదామంటే నీళ్ళు బంద్. దానికి ముందున్న పాయింట్లే లెక్క."

బావమరిది లేచాడు. కోపంగా లేడు. ఏదో పట్టి పట్టి చూస్తున్నట్టు ఉన్నాడు.

"ఎప్పుడు చూశారు మీరు?"

ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ అతని నోట బావకి "మీరు" రాలేదు.

"నువ్వు చుట్టక ముందే."

"జెండా?"

"కాళ్ళ దగ్గరే ఉంది."

"అంటే నేనింకా నీళ్ళ మీదే ఉన్నాను. నా మోకాళ్ళు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. గాలీ ఉంది, టైమూ ఉంది. దిమ్మ జారితే జారింది. అది ఎవరికైనా జారుతుంది. మళ్ళీ పెట్టి ఉంటే గెలిచేవాణ్ణో, ఓడేవాణ్ణో. అది నేను తేల్చుకునేవాణ్ణి కదా."

ఇంటికి వెళ్ళి, కప్పుని తువ్వాల్లో చుట్టి తీసుకొచ్చి, డాక్టరమ్మ ముందు పెట్టాడు. "పాలిష్ చేయించాను, గీతలు పడకుండా చూసుకోండి," అన్నాడు. అంతే.

ఇంట్లో భార్య అంతా వింది. గిన్నెలు తోమడం అయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అదే డాక్టరమ్మకి ఎదురుగా జారి ఉంటే జెండా ఎత్తేవారా?"

"ఎత్తేవాణ్ణి."

"అప్పటికప్పుడే?"

"అప్పటికప్పుడే."

"మరి వాడి విషయంలో ఎందుకు ఆగారు? మళ్ళీ పెడితే వాడు గెలవడనేగా మీ భయం?" ఆవిడ గొంతు పెరగలేదు. "వాడి మీద జాలిపడ్డారు. నమ్మకం మాత్రం లేదు. వాడికి తగిలింది అదండీ."

బావమరిది బతుకు కోరతాడని సామెత. బావ ఏం కోరాలో ఏ సామెతా చెప్పలేదు.

నెల తిరక్కుండానే క్లబ్బు కరపత్రం వచ్చింది. అందులో సీజన్ విశేషాల కింద, చివరి పందెం రద్దయిందనీ, కప్పు డాక్టరమ్మదనీ రెండు వాక్యాలు. బోయాల పనికి వచ్చే ఏడు వేరే మనిషిని చూసుకోమని బావ రాసిచ్చిన ఉత్తరం గురించి ఏమీ లేదు. సెక్రటరీ గారు దాన్ని ఆయనకే తిప్పి పంపారు, వెనకవైపు ఇలా రాసి: "కదిలిందని చెప్పేవాడు ఇంకొకడు దొరికాక చూద్దాం."

బావమరిదికి ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో మధ్యాహ్నం పూట ఉండటానికి మనిషి కావాల్సొచ్చింది. అక్కకి ఉద్యోగం. బావే వెళ్ళాడు. మొదటి రెండు రోజులూ మందు, నీళ్ళు, దిండు అన్న మాటలు తప్ప ఇంకేం నడవలేదు. మూడో రోజు, మోకాలు వంచే కసరత్తు అయి నర్సు వెళ్ళిపోయాక, బావమరిది పైకప్పు వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"మళ్ళీ పెట్టి ఉంటే పన్నెండుకి మొదలయ్యేది."

బావ కుర్చీ కాస్త దగ్గరికి లాక్కున్నాడు. "పన్నెండుంపావు," అన్నాడు. "దిమ్మ లాగాలి, లోతు కొలవాలి, పెద్ద తాడు కట్టాలి."

"సరే, పన్నెండుంపావు. అప్పటికి గాలి కొండ వైపుకి తిరిగి ఉండేది. నేను బయలుదేరే గీతకి ఎడమ చివరి నుంచి మొదలెట్టేవాణ్ణి." చేతిని పడవలా పట్టుకుని దుప్పటి మీద నడిపించాడు. మొదటి బోయా. రెండోది. డాక్టరమ్మ ఎక్కడ మలుపు తిప్పేదో, తనెక్కడ గాలి కోసం ఆగేవాడో, జల్లు మళ్ళీ ఎప్పుడొచ్చేదో. మూడో బోయా దగ్గర చేయి ఆగింది, చుట్టింది, వెనక్కి తిరిగింది. బావ ఎక్కడా అడ్డు రాలేదు.

చేయి దుప్పటి అంచుకి వచ్చి ఆగింది.

"ఆవిడే," అన్నాడు బావమరిది. "అరపడవ పొడవు."

చేతిని మళ్ళీ దుప్పటి మొదటికి తెచ్చుకున్నాడు.

"రేపు కుడి చివరి నుంచి మొదలెట్టి చూస్తా," అని కళ్ళు మూసుకున్నాడు.