రెండోసారి అటెండెన్స్

నిన్న పొద్దున నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఆటోలో ఉన్నా. మా డిగ్రీ క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒక్క లైన్.

"వనజ మేడమ్ ఇక లేరు."

గ్రీన్ పడింది, ఆటో కదిలింది. నేను మాత్రం ఆ లైన్ దగ్గరే ఆగిపోయా.

పోయిన వారమే కదా చిక్కడపల్లిలో వాళ్లింట్లో మిర్చి బజ్జీలు పెట్టి, "నువ్వింకా గంతనే మాట్లాడుతున్నవా?" అని నన్ను ఆటపట్టించారు!

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మేడమ్ మాకు సోషియాలజీ చెప్పేవారు. శుక్రవారం లాస్ట్ పీరియడ్ డిస్కషన్.

టాపిక్ ఏదైనా పది నిమిషాల్లో మా ఇళ్లలోకి వెళ్లిపోయేది. కుటుంబ వ్యవస్థ అంటే చాలు, ఎవరి బాబాయి ఎవరితో మాట్లాడడో మొత్తం బయటికొచ్చేది. మాకు మొహమాటం అసలే లేదు.

మేడమ్ హాయిగా వినేవారు. కానీ కథ హద్దు దాటుతోందంటే టక్కున రిజిస్టర్ తెరిచేవారు.

"అటెండెన్స్ తీసుకున్ననా? రోల్ నంబర్ వన్..."

అరగంట క్రితమే తీసుకుని ఉండేవారు. మేడమ్‌కి మతిమరుపని మేమంతా ఫిక్స్ అయిపోయాం.

ఒకసారి టాపిక్ ప్రేమ పెళ్లిళ్లు. మా నరేశ్ లేచాడు. "మేడమ్, నాది వన్ సైడ్. ఆమె ఈ క్లాస్‌లనే ఉంది. పేరు చెప్పాల్నా?"

క్లాసులో మెడలన్నీ ఒకేసారి తిరిగాయి.

"రోల్ నంబర్ వన్!"

అటెండెన్స్ అయ్యేలోపు బెల్ కొట్టేశారు. ఆ అమ్మాయి ఎవరో మాకు ఇప్పటికీ తెలీదు.

ఇక నా సంగతి.

అప్పుడు నేనూ మా అక్కా అశోక్‌నగర్‌లో ఒకే హాస్టల్. అక్క గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేది. ఆ ఏడాది ఎగ్జామ్ సెంటర్ గేటు దాకా వెళ్లి, భయంతో వెనక్కొచ్చేసింది. ఇంట్లో మాత్రం రాశానని చెప్పింది. నిజం నాకొక్కదానికే తెలుసు.

ఆ వారం టాపిక్ పోటీ పరీక్షలు. నేను ఆగుతానా?

"మేడమ్, మా ఇంట్ల కూడా తెల్వదు, మా అక్క ఏం చేసిందంటే..."

"రోల్ నంబర్ వన్!"

ఒళ్లు మండిపోయింది. క్లాసయ్యాక కారిడార్‌లో అడిగేశా. "అందరివి వింటరు, నాది ఎందుకు వినరు మేడమ్?"

"నీ కథ అయితే ఎంతసేపైనా వింట. అది మీ అక్క కథ గదా. ఆమెను అడిగినవా?"

అప్పుడు గుర్తొచ్చింది, రెండో బెంచీలో మా ఊరి అమ్మాయి కూర్చుంటుందని. సాయంత్రానికల్లా నాన్న చెవిలో పడేది.

తర్వాత అక్కే నాన్నకి చెప్పుకుంది. మూడో రోజు ఆయనే "మళ్ల రాయి బిడ్డా" అన్నాడు. అక్క రాసింది, ఉద్యోగం కొట్టింది.

ఈ పోస్ట్ పెట్టేముందు అక్కకి ఫోన్ చేసి అడిగా. "మేడమ్ గురించైతే మొత్తం రాయవే" అంది, ఏడుస్తూ.

నిన్నంతా గ్రూపులో ఒక్కొక్కరూ చెప్తున్నారు. "నా కోసం కూడా రెండోసారి అటెండెన్స్ తీశారు." "నాకు కూడా." మతిమరుపు కాదని మాకు ఇన్నేళ్లకి తెలిసింది. ఏడుస్తూనే నవ్వుకున్నాం.

మధ్యలో నరేశ్ ఇంత పొడుగు మెసేజ్ పెట్టాడు. "ఇప్పుడైనా ఆమె పేరు చెప్త..." అని మొదలు. మేం మొత్తం చదివేలోపే డిలీట్ చేసేశాడు.

"ఏమైందిరా?" అని అడిగా.

"రోల్ నంబర్ వన్ అని వినొచ్చింది" అన్నాడు.

ప్రశాంతంగా ఉండండి మేడమ్. మీరు దాచినవన్నీ ఇక మేం దాస్తాం.