మిషను పరీక్షలో కరీంబీ కాపీ

మా ఉదయగిరిలో చెక్క స్పూన్లు చేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, కరీంబీ స్పూన్ నోట్లో పెట్టుకుంటే చెక్క అని తెలియదు. కొండ మీంచి తెచ్చిన చెక్కను ఎదకు ఆనించుకుని ఆకురాయితో రాస్తూ కూర్చుంటుంది. అంతా అయ్యాక ప్రతి స్పూన్నూ ఒకసారి పెదవి మీద జరిపి చూస్తుంది. గరుకు తగిలిందా, మళ్లీ మొదలు. యాభై దాటింది, భర్త పోయాడు, ఎప్పుడు పలకరించినా "అలుపుగా ఉండాది టీచరమ్మా" అనే మాటే. ఎదురింట్లో నేను. రిటైరైన తెలుగు టీచర్ని. నాకు మాటలెక్కువ, ఆమెకు ఓపిక తక్కువ. ఎలా కుదిరిందో మా ఇద్దరికీ!

మొన్న ఎండాకాలంలో ఆత్మకూరులో క్యాంపు పెట్టారు. రొమ్ము క్యాన్సర్ని ఒంట్లో వేడిని ఫొటో తీసి పట్టుకునే కొత్త మిషనట. అది నిజమే చెబుతుందా లేదా చూడాలని, వచ్చిన ప్రతి ఆడమనిషికీ పదిహేను రోజుల తేడాతో రెండు ఫొటోలు తీస్తారు. తర్వాత నెల్లూరులో మామూలు మామోగ్రాం ఎక్స్‌రే కూడా చేస్తారు. "ఒంటిమీద చెయ్యి గూడా వెయ్యరంట, రా" అని కరీంబీని నేనే లాక్కుపోయాను.

మొదటి ఫొటోలో ఎడమవైపు ఎర్రటి మచ్చ కనిపించింది. మిషను దగ్గరుండే ఏంజెలిన్ అనే అమ్మాయి, "ఈ పక్క వేడి కొంచెం ఎక్కువుండాదమ్మా. భయపడబాక, నెల్లూరులో చూస్తారుగా" అంది.

కరీంబీకి చివరి మాట వినపడలేదు. వేడి ఒక్కటే వినపడింది.

"వేడి చేసినాదంట టీచరమ్మా! ఇంతేనా, నేనింకా ఏందో అనుకున్నా."

ఇక చూడాలి. పొద్దున సబ్జా గింజలు, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం బార్లీ నీళ్లు. కోడికూర ముట్టలేదు. "రంజాన్‌కు గూడా ఇన్ని షర్బత్తులు తాగలా మాయమ్మ" అని కూతురు గుల్షన్ ఒకటే నవ్వు.

"అది ఆ వేడి కాదు కరీంబీ" అన్నాను.

"వేడిలో ఎన్ని రకాలుండాయి టీచరమ్మా? నువ్వు తెలుగు చెప్పినదానివే గదా, చెప్పు."

ఉష్ణం, తాపం, సెగ అని వేళ్లు మడిచాను. అన్నిటికీ మందు మజ్జిగే అంది.

రెండోసారి వెళ్లినరోజు బస్సులో కూర్చోవడానికి చోటు దొరకలేదు. ఆత్మకూరులో దిగేసరికి ఇద్దరం వాడిపోయాం. ఫొటోకి ముందు పలచటి గౌను ఇచ్చి, ఒళ్లు సర్దుకునేదాకా ఏసీ గదిలో కూర్చోబెడతారు. అక్కడ చూశాను, కరీంబీ గౌను ఎడమవైపు తడిసి ఉంది. లోపల తడిగుడ్డ! బాటిల్లో ఐసునీళ్లు తెచ్చుకుని మళ్లీమళ్లీ తడుపుకుంటోంది.

నాకు నవ్వాగలేదు.

"నవ్వబాక. పదిహేను రోజులు మజ్జిగ తాగినా. ఇంకా కాస్త వేడి మిగిలుంటే ఇది లాగేస్తది."

పిలుపు రాగానే గుడ్డ తీసి నా సంచిలో కుక్కి లోపలికి పోయింది. నేనూ వెనకే వెళ్లాను. ఫొటో చూసి ఏంజెలిన్ కళ్లు నలుపుకుంది. "ఇదేందమ్మా, మొన్న ఎండుమిరపకాయలాగా ఉన్నది ఇయాళ ఐసుగడ్డ అయినాది?" చెయ్యి వేసి చూసింది. తడి.

అరుస్తుందనుకున్నాను. పాపం, స్టూల్ మీద కూలబడింది. "పొద్దుట్నించి ఇదే. ఒకామె బామ్ పూసుకోనొచ్చె. ఇంకొకామె నొప్పని కాపడం పెట్టుకోనొచ్చె. అమ్మా, ఈ పరీక్ష నీకు గాదు, మిషనుకు!"

"మిషనుకు పరీక్షా? దానికి మార్కులెవురేస్తారు?"

"నెల్లూరులో పాత మిషను వేస్తది. ఇది చెప్పిందీ, అది చెప్పిందీ పక్కపక్కన పెట్టి చూస్తారు. నువ్వు కాపీ కొడితే దానికి తప్పుడు మార్కులు పడతాయి."

"సల్లబడిందిగా పాపా, ఇంక వదిలెయ్యి. నెల్లూరుదాకా నేను రాలేను. అలిసిపోయినా."

నిజంగానే అలిసిపోయింది. ముఖంలో రక్తం లేదు. నాకూ ఇంటికి పోదామనే ఉంది. కానీ మొదటి ఫొటోలో కనిపించిన ఎర్రమచ్చ తడిగుడ్డ పెడితే పోతుందా? నేను నోరు తెరిచేలోపు ఏంజెలినే అంది: "నువ్వు రాకుంటే ఇది చెప్పింది తప్పో రైటో ఎవురికీ తెలవదమ్మా. రేపు ఇట్టాంటి మిషన్లు ఊరూరికీ వస్తే, జనం దీని మాటే నమ్ముతారు."

కరీంబీ గౌను తడి పిండుకుంటూ తలెత్తింది.

"అంటే పెదానికి ఆనించి చూడకుండానే అమ్మేస్తారా దీన్ని?" అంది. "అట్టెట్టా కుదురుతది? సరే, వస్తా."

కాసేపాగి, ఒళ్లు ఆరాక, గుడ్డ లేకుండా మళ్లీ ఫొటో తీయించుకుంది. ఎడమవైపు ఎరుపే.

నెల్లూరులో మామోగ్రాం గదిలోంచి వస్తూ, "ఒంటిమీద చెయ్యెయ్యరంటివే టీచరమ్మా! పిండేసినారు" అని నన్ను తిట్టింది. ఆ తర్వాత డాక్టరమ్మ పిలిచి చెప్పింది. ఎడమవైపు ఏమీ లేదు. ఎర్రగా ఎందుకు వచ్చిందో ఇంకా తెలియదు. కుడివైపు మాత్రం చేతికి తగలనంత చిన్న గడ్డ ఉంది. అన్ని ఫొటోల్లోనూ నీలంగా, చల్లగా కనిపించిన వైపు. తర్వాత సూదితో గడ్డలోంచి ముక్క తీసి చేసిన పరీక్షలో అది క్యాన్సరేనని తేలింది. తొలిదశ, ఆపరేషన్ చేస్తే చాలావరకు నయమవుతుందన్నారు.

కరీంబీ ఎడమవైపు చెయ్యి పెట్టుకుంది. "అయితే నేను ఐసు పెట్టింది బాగున్న పక్కనా?" అంది. రిపోర్టు కోసం మాతో వచ్చిన గుల్షన్ ఏడుస్తోంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆపరేషనై మూడు నెలలైంది. కుడిచెయ్యి ఇంకా పైకి లేవదు. నాలుగుసార్లు ఆకురాయి ఆడిస్తే ఆయాసం, గోడకు జారగిలబడుతుంది. నిన్న ఎలా ఉన్నావని ఏంజెలిన్ ఫోన్ చేసింది.

"అలుపుగా ఉండాది పాపా. మీ మిషనుకు మార్కులొచ్చినాయా?"

"ఇంకా లెక్కేస్తా ఉండారమ్మా."

"నా పేపర్లో తప్పినాదని రాసుకోండి. ఇక్కడ మా వీధిలో ఆడోళ్లకు నేను చెప్తానే ఉండాను, నీలంగా వచ్చిందని ఊరకుండబాకండి, పిండే మిషను కాడికి పోండని."

ఫోన్ నా చేతికిచ్చి, ఎడమచేత్తో స్పూన్ తీసుకుని పెదవికి ఆనించింది. గరుకు తగిలినట్టుంది. మళ్లీ రాయాల్సిన వాటిలో పెట్టి, గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకుంది.