రాగులు పట్టించబోయిన మధ్యాహ్నం

మా అత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నేను బద్వేలులో కుట్టుపని నేర్పే చోట ఉన్నాను. ఒక అమ్మాయికి జాకెట్టు చంక కత్తిరించడం చూపిస్తుంటే మా ఆయన ఫోన్ చేశాడు.

“అమ్మ పోయింది. అన్నం తిని పండుకున్నెది మళ్ళీ లేయల్యా. నువ్వు బిన్నా రా.”

కత్తెర బల్ల మీద పెట్టి బండి తాళం తీసుకున్నాను. ఊరిదాకా ఎట్లా వచ్చానో గుర్తు లేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా మా అత్త చేసిన సేద్యం గురించీ, పెట్టిన అన్నం గురించీ చెప్పారు. అన్నీ నిజమే. కానీ నాకు ఆమె ఏమిటో చెప్పాలంటే మీకు ఒక మధ్యాహ్నం గురించి చెప్పాలి.

పెళ్ళైన రెండో ఏడు, కడుపుతో ఉన్న ఎనిమిదో నెలలో, నా బిడ్డ పోయింది. ఆపరేషన్ చేశారు. నాకు తెలివి వచ్చేసరికే పూడ్చి వచ్చేశారు. తల్లికి చూపించకూడదని పెద్దవాళ్ళు అన్నారట. మా అమ్మ నా మంచం వదల్లేదు. బిడ్డకు చుట్టిన గుడ్డ తొలగించి చూడడం మా ఆయన వల్ల కాలేదు. ఆటోలో ఒడిలో పెట్టుకుని పొలందాకా తీసుకుపోయింది మా అత్తే.

పుట్టింట్లో కొన్నాళ్ళుండి తిరిగి వచ్చాక ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పక్కింటి పసిబిడ్డ ఊసు వచ్చినా నన్ను చూసి మాట మార్చేవాళ్ళు. అది నా మీది ప్రేమేనని నాకు తెలుసు. కానీ రోజులు గడిచేకొద్దీ అసలు నాకేమీ పుట్టనే లేదేమో అనిపించేది. లోపలి గదిలోంచి బయటికి రావడం మానేశాను.

చెనిక్కాయ పెరికే రోజులవి. ఒక మధ్యాహ్నం మా అత్త రాగుల సంచి తెచ్చి నా గది గడపలో పెట్టింది.

“పాపా, బండి తీ. పిండి పట్టీయల్ల.”

“మన ఊర్లోనే మిషనుండాది కదత్తా.”

“దాంట్లో రాళ్ళొస్తాండాయి. పక్కూరికి పోదాం పా.”

రాళ్ళూ లేవు, ఏమీ లేవు. రోజూ సంగటి కెలికేది ఆ పిండితోనే. వాదించే ఓపిక లేక బండి తీశాను. అంతవరకూ ఆమె నా బండి ఎక్కిందే లేదు. ఒక పక్కకు కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, నా భుజం గట్టిగా పట్టుకుంది. “మెల్లగ పో తల్లీ. మీ మామకు నేనొక్కదాన్నే పెండ్లాన్ని,” అంది. ఆమె సరసం ఆడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

పక్కూరి మిషను దగ్గర కరెంటు లేదు. “సాయంత్రానికొస్తాది పెద్దమ్మా, సంచి పెట్టి పో,” అన్నాడు మిషనాయన. మా అత్త సంచి దించగానే నేను బండి ఇంటివైపు తిప్పబోయాను.

“ఇంత దూరమొచ్చి వట్టిగ పోతామా? ఈడ నా జతగత్తె ఉండాది పా,” అంది.

ఆ జతగత్తె మగ్గం నేసే ఇంటావిడ. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడికి పోయి ఒకే రోజు మానేశారట. మేము పోయేసరికి ఆమె కాళ్ళు మగ్గం గుంటలో పెట్టుకుని నేస్తోంది. మా అత్తను చూసి చెయ్యి ఆపింది.

“ఏమ్మే, బతికే ఉండావా? నువ్వు పోయినావనుకోని తలకు గూడా పోసుకుంటి!”

“నువ్వు తలకు పోసుకున్నావంటే ఎవరు నమ్ముతారు లేమ్మే!”

ఇద్దరూ ఒకరి చేతులొకరు కొట్టుకుంటూ నవ్వారు. ఇంట్లో ఎప్పుడూ పెదవి విప్పని మా అత్త కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వడం నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. జతగత్తె గుంటలోంచి లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని ముఖంలోకి చూసింది. అయ్యో అనలేదు. “ఊరికే కుచ్చోకుండా ఇది పట్టుకో,” అని నూలు కట్ట నా రెండు చేతులకూ తగిలించి తాను చుట్టడం మొదలుపెట్టింది. కారం బొరుగులు తింటూ, కాఫీ తాగుతూ వాళ్ళు మాట్లాడుకున్నారు. ఎవరి ఎనుము ఈనింది, ఎవరి కొడుకు రాయచోటిలో అంగడి పెట్టినాడు, ఏ ఆడబిడ్డ ఎవరితో అలిగింది. నా చేతుల మీది నూలు తరుగుతూ వచ్చింది. ఎన్నో రోజుల తర్వాత నాకు ఆకలేసింది. రెండోసారి బొరుగులు అడిగి పెట్టించుకున్నాను.

తిరిగి వస్తుంటే జీవాల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బండి ఆపాను. పక్కనే ఒక ముసలామె సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుని ఉంది. లంకమల కొండ కింది ఊరేనట ఆమెది. మాకు ముఖపరిచయం కూడా లేదు. మా అత్త దిగి, గంప ముందర కూర్చుని కాయలు ఒత్తి చూస్తూ మాట కలిపింది.

“నీ కోడలా? పిల్లోళ్ళెంతమంది?” అని అడిగింది ముసలామె.

నేను ముఖం తిప్పుకుని బండి అద్దం తుడవసాగాను. ఇంకా లేరని చెబుతుందనుకున్నాను. అందరూ అదే చెప్పేవాళ్ళు.

“ఒక ఆడబిడ్డ. పుట్టింది గానీ దక్కల్యా,” అంది మా అత్త.

“అట్లనా. ఎట్లుండ్య బిడ్డ?”

ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

“తలనిండా ఎంటికలమ్మా, నల్లగ, మెత్తగ. ముక్కు మా వానిది. గడ్డం మాత్రం ఈ పాపదే, అచ్చం ఈ సొట్టతోనే. వేళ్ళు ఇంతింత పొడుగు.”

నా చెయ్యి దానంతట అదే నా గడ్డం మీదికి పోయింది. ముసలామె బాగా మాగిన కాయ ఒకటి ఏరి, చేత్తోనే రెండు చేసి, పెద్ద చెక్క నాకిచ్చింది. “తిను తల్లీ,” అంది.

మంద దాటింది. బండి కదిలాక అడిగాను.

“ఇంకా చెప్పత్తా.”

“ఏం చెప్పల్ల?”

“నువ్వు చూసిందంతా.”

ఆమె నా చెవి దగ్గరగా వంగింది.

“నువ్వు తట్టుకోలేవని అందరూ అనిరి పాపా. నాకూ అదే భయం. కానీ నేనొక్కదాన్నే మోస్తాండా ఇన్నాళ్ళూ. నాకూ ఎవరికన్నా చెప్పుకోవల్లని ఉండదా?”

చెప్పింది. ఒక చెవి కొంచెం మడిచినట్టు ఉండిందట. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ఉండిందట. ఆస్పత్రి గుడ్డ తీసేసి తన మెత్తటి పాత చీర చుట్టిందట. “నా నొసటి కుంకుమ తీసి బొట్టు పెడ్తి. ఆడబిడ్డను బోడి ముఖంతో ఎట్ల పంపేది?” అంది. నేను ఏడుస్తూనే నడిపాను. ఆపితే ఆమె చెప్పడం ఆపేస్తుందేమోనని బండి ఆపలేదు. వెనక ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ చెబుతోంది. నాది కాక ఇంకొకరి దుఃఖం కూడా ఆ ఇంట్లో ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికి చేరేసరికి మామ అరుగు మీద ఉన్నాడు. “పిండి యాడ?” అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. మిషను దగ్గరే మరిచిపోయాం. మొదట నవ్వింది నేనే. ఏడ్చి ఉబ్బిన ముఖాలతో విరగబడి నవ్వుతున్న అత్తాకోడళ్ళను చూసి మామ నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఆ తర్వాత మా మధ్యాహ్నాలకు లెక్క లేదు. ఉల్లి నారు కావాలనో, గాజులు మార్చాలనో బయలుదేరేవాళ్ళం. దారిలో కనిపించినవాళ్ళందరినీ పలకరించందే కదిలేది కాదు. నేను విసుక్కుంటే, “పనుంటేనే పోవల్లంటే మనిషి ఇంటికి మనిషి పోయేదెప్పుడు?” అనేది. “నోరుండేది తినేకేనా?” అనేది. తర్వాత నాకు కొడుకు పుట్టాడు, ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. అయినా అప్పుడప్పుడు, ఎవరూ లేని రోడ్డు మీద, “ఇంకోసారి చెప్పత్తా,” అనేదాన్ని. ఆమె ఎప్పుడూ ఎందుకని అడగలేదు. వెంట్రుకల దగ్గర్నుంచి మొదలుపెట్టేది. ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, ఒక్కటీ వదల్లేదు.

మా ఇంట్లో నా బిడ్డ ముఖం చూసింది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆ చూసిన మనిషి లేదు. అడిగితే చెప్పేవాళ్ళు లేరు. దినం అయిన మరుసటి రోజు మా వాణ్ణి కూర్చోబెట్టి వాళ్ళక్క ఎట్లా ఉండిందో నేనే చెప్పాను. చెబుతుంటే నా నోట్లోంచి మా అత్త మాటలే వచ్చాయి.

ఈ ఏడు చివరిసారి ఇద్దరం బయటికి పోయినప్పుడు, దారి పక్క చేలో ఎవరో ఆడవాళ్ళు కలుపు తీస్తుంటే బండి ఆపమంది. దిగి, చెప్పులు చేతబట్టుకుని, సాళ్ళ మధ్య నుంచి వాళ్ళ దగ్గరికి పోయింది. నేను ఇంజను ఆపి ఎండలో కూర్చున్నాను. చాలాసేపటికి హారన్ కొట్టాను. అంత దూరం నుంచి ఆమె ఇటు తిరిగి, ఉండు, వస్తాండా అన్నట్టు చెయ్యెత్తింది. మళ్ళీ అటు తిరిగి మాటల్లో పడింది.