చాట్ గోలీలు

కంఠేశ్వర్‌లో మందుల దుకాణం నడుపుతున్న నాకు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కంటే పెంటవ్వ అంటేనే ఎక్కువ భయం. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడో గానీ రాడు. పెంటవ్వ ఇల్లు మా వీధి చివరే.

బీడీలు చుట్టీ చుట్టీ ఆమెకు లోకమంతా బీడీ కట్టలాగే కనబడుతుంది. కార్ఖానాలో సేటు బీడీలను నొక్కి చూసి, వంకరవీ వదులువీ ఏరి పక్కన పడేస్తాడు. వాటిని చాట్ బీడీలంటారు. పెంటవ్వ కూడా వంకాయలైనా, పెళ్లి సంబంధాలైనా అలాగే నొక్కి చూస్తుంది. వీధిలో ఆమె చాట్ చేయని అల్లుడు లేడు.

ఈమధ్య డాక్టరు ఆమె బీపీ చీటీలో కంపెనీ పేరు మానేసి ఉత్త మందు పేరే రాశాడు. అలా రాస్తే ఏ కంపెనీదైనా ఇవ్వొచ్చు. పాతదాని ధరలో నాలుగో వంతు కూడా లేని గోలీల పట్టీ తీసిచ్చాను. పెంటవ్వ దాన్ని నొక్కింది, వాసన చూసింది, ఎండకు పట్టింది.

“గివి చాట్ గోలీలు. ఏరి పారేసినయి గాకుంటే గింత అగ్గువకు ఎందుకిస్తరు? నాకు అసలుయే ఇయ్యి.”

“అవ్వా, రెండిట్ల ఒకటే మందు!”

“నీ నోరు నీ దుకాణం దిక్కే మాట్లాడ్తది తీ, భూమేషూ!”

పంతం పట్టి ఖరీదువే కొన్నది. రోజూ వేసుకుంటే బీడీల కూలీ వాటికే చాలదని, రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టింది. అసలు గోలీ బలం రెండు రోజులుంటుందట! చివరికి ఒక పొద్దున బీడీల గంపతో కార్ఖానాకు పోతూ కళ్లు తిరిగి నా మెట్ల మీదే కూలబడింది. బీపీ చూస్తే రెండు వందలు దాటింది. ఈ ముసలిది లేకపోతే నాతో గొడవ పడేదెవరు? ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రోజూ వేసుకోవాల్సిందేనని ఆయన గట్టిగా తిట్టి పంపాడు.

తిరిగొచ్చాక మెట్ల మీద కూర్చోబెట్టి అడిగాను.

“అవ్వా, నువ్వు చుట్టిన బీడీల కట్టల మీద సేటు ఏం బొమ్మ అంటిస్తడు?”

“కొన్నిటికి గొడుగు, కొన్నిటికి ఏనుగు.”

“ధర ఒకటేనా?”

“యాడిది? ఏనుగుది పిరం.”

“మరి లోపల?”

“లోపల నేనే గదా!” అంది. సేటును నాలుగు తిట్లు తిట్టి, చవక పట్టీ లాక్కుని పోయింది.

అప్పటి నుంచి రోజూ వేసుకుంటోంది. ఆమె బీపీ దారికొచ్చింది, నా వ్యాపారమే దారి తప్పింది. నా మెట్ల మీదే కూర్చుని, బీడీలు చుట్టే ఆడవాళ్లందరినీ ఆపి, “మందు పేరే రాయుమని డాక్టర్‌కు చెప్పుపోండ్రి” అని వెనక్కి పంపుతోంది. ఖరీదు పట్టీలు అరల్లో దుమ్ము తింటున్నాయి.

మొన్న డాక్టరు నాకూ బీపీ ఉందన్నాడు. చీటీలో ఉత్త మందు పేరే రాశాడు. దుకాణంలోకి వచ్చి, ఎవరూ లేరు కదా అని, ఖరీదు పట్టీ వైపు చెయ్యి చాపాను.

“ఏం బిడ్డా,” అని మెట్ల మీంచి వినబడింది. “అయితే గిన్ని దినాలు మాకు ఇచ్చినయి చాట్ గోలీలేనా?”

ఆమె ఎదుటే చవక గోలీ మింగాను. నోరు తెరిచి చూపించమంది. చూపించాను.