గుంత కుళాయి

మా ఊరు ఆవని అనే ఊరి పక్కన. అక్కడ నేను ఆశా కార్యకర్తను. మా అమ్మ ఊరందరి పెళ్లిళ్లకూ వండిన మనిషి.

ఆ ఏడు జాతర సంతర్పణకూ ఆమే వండింది. మూడోనాటికి మా కింది వీధిలో ఇంటింటా వాంతులు, విరేచనాలు. పంచాయతీ మెంబరు పొద్దున్నే పాల డెయిరీ ముందు నిలబడి తీర్పు చెప్పేశాడు.

"ఆయమ్మ చేతి కూడు తినబట్టే ఊరు పడిపోయినాది. ఇంగ ఆమెను పొయ్యి దగ్గరికి రానీయొద్దండప్పా."

అమ్మ గడప దాటడం మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. వీడి చేతే ఈ మాట మింగించకపోతే నేను ఆమె కూతుర్నే కాదనుకున్నాను.

ఓఆర్ఎస్ పొట్లాలు పంచుతూ ప్రతి ఇంట్లో రెండే అడిగాను: సంతర్పణలో తిన్నారా, నీళ్లు ఎక్కడ పట్టుకున్నారు? సంతర్పణ ముఖమే చూడని బాలింత మంచాన పడింది. మూడుసార్లు వడ్డించుకుని తన ఊరు వేమగల్ వెళ్లిపోయిన మా బావేమో, "నాకేం, గుండ్రాయి మాదిరి ఉండాను" అని ఫోనులో నవ్వాడు. పై వీధిలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

కింది వీధి ఊరి పైపుకు చివరన ఉంది, నీళ్లు సరిగా అందవు. అందుకని మేమందరం కుళాయి దగ్గర గుంత తవ్వి, పైపును అడుగునే కోసి, బిందె లోపలికి దించి పట్టుకుంటాం. అది మా తప్పే, కాదనను. జాతరనాటి వానకు మురికికాలువ పొంగి ఆ గుంతలు నిండాయి. నీళ్లు వదిలిన రోజు మా గుంత దగ్గరే కాపు కాశాను. పై వీధిలో మోటారు మోగగానే ధార ఆగిపోయింది. గుంతలోని మురికి గుడగుడమంటూ పైపులోకి పోయింది. మోటారు ఆగాక అదే నీరు బిందెల్లోకి వచ్చింది. ఆ మోటారు మెంబరుదే. ఆవుల తొట్టి నింపడానికి ఊరి పైపుకే బిగించాడు. వాళ్లింట్లో తాగేది క్యాను నీళ్లు.

ఆ బిందె నీళ్లు పరీక్షకు పంపితే మురికి కలిసిందనే తేలింది. మర్నాడు అమ్మ చేసిన సంగటి, ఒక గ్లాసు గుంత నీళ్లు తీసుకుని డెయిరీకి వెళ్లాను.

"ఇది మాయమ్మ సంగటి, నేను తింటాండాను. ఇవి నీ మోటారు పీల్చిన నీళ్లు, నువ్వు తాగన్నా."

"ఏందమ్మా, అందరి ముందరా?"

"నువ్వు అనింది యాడ? అందరి ముందరే గదా."

తల వంచుకుని, "ఆయమ్మ వంటలో ఏమీ లేదు, తప్పు నాదే" అని గొణిగాడు. గట్టిగా చెప్పమన్నాను. చెప్పాడు. ఇంకోసారి చెప్పించాను. ఆ రోజే జనం మోటారు పీకేశారు. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది.

నెల తర్వాత పెళ్లివారు వంటకు పిలవడానికి తాంబూలం తెచ్చారు. అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"వద్దమ్మా," అంది. "ఎవురికన్నా కడుపునొప్పి వస్తే మళ్లా నా పక్కే చూస్తారు."