మంచు తిన్న కాలికి పసుపు

మా చిన్నప్పుడు నాచారంలో శ్రావణ శుక్రవారం పేరంటం... పక్కింటి సరోజ పెద్దమ్మ గిన్నె పట్టుకుని, వరసగా కూర్చున్న ఆడవాళ్ల కాళ్లకు పసుపు రాస్తూ వస్తోంది. తన వంతు రాగానే మా మేనత్త సుగుణ కాళ్లు చీరలోకి ముడుచుకుంది.

"నాకు బొట్టు పెట్టక్కా, సాలు."

"గట్లెట్లయితది? జర కాలు సాపు బిడ్డా" అంటూ పెద్దమ్మ కుచ్చిళ్లు జరిపింది. కుడికాలికి సగం వేళ్లు లేవు... పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. పసుపు రాయకుండానే పక్కావిడ దగ్గరికి జరిగిపోయింది.

నాకైతే సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మా వైపు నుంచి హిమాలయాల్లో శిఖరమెక్కిన మొట్టమొదటి ఆడమనిషి మా అత్త. మంచుకు చచ్చుబడిన ఆ వేళ్లను డాక్టర్లు తీసేశారు. ఇక కొండలెక్కలేక, మామయ్యతో మా మేడ మీద ఉంటూ వారపత్రికకు క్రైమ్ నవలలు రాసేది. వీధంతా చదివేది, చదవనట్టే ఉండేది.

ఆ పేరంటం తర్వాత మొదలైన అత్త సీరియల్లో హంతకురాలు పసుపు గిన్నెలో విషం కలిపి "జర కాలు సాపు బిడ్డా" అంటుంది. ఇంకేం... పెద్దమ్మ గిన్నె పట్టుకుంటే చాలు, ఆడవాళ్లు నవ్వుతూ కాళ్లు వెనక్కి లాక్కునేవారు. మొదట తనూ నవ్వింది. తర్వాత పేరంటాలకు రావడమే మానేసింది.

అమ్మ ఊరుకోలేదు. "ఆమె నిన్ను ఒక్కనాడు సిన్నబుచ్చింది సుగుణా. నువ్వు వారం వారం సిన్నబుచ్చుతున్నవ్."

అత్త మొహం మాడిపోయింది. "నాకే సిగ్గయితుంది వదినా" అంది.

మరుసటి శ్రావణంలో మా ఇంట్లో పేరంటం. అత్తే వెళ్లి పెద్దమ్మను బతిమాలి తీసుకొచ్చింది. గిన్నె ఆమె చేతికిచ్చి, అందరి నడుమ కూర్చుని, ఆ కాలే ముందుకు చాపింది.

"ముందు నాకు రాయక్కా."

పెద్దమ్మ గిన్నెలో వేళ్లు ముంచింది. వేళ్లున్న చోటా రాసింది, లేని చోటా రాసింది. ఇద్దరిలో ఎవరూ కళ్లెత్తలేదు. కాళ్లు లాక్కున్న ఆడవాళ్లంతా ఒక్కొక్కరే కాళ్లు చాపారు... ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు పీర్జాదిగూడలో మా అపార్ట్‌మెంట్ పేరంటానికి వెళ్తే, గుమ్మంలోనే తాంబూలం కవర్ చేతికిస్తారు. ఎవరి పాదం ఎవరూ ముట్టుకోరు... ఇన్నేళ్లుగా ఎదురింట్లో ఉన్నావిడ పేరు కూడా నాకు తెలియదు. ఇది రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

మీ వీధి పేరంటాల్లో కాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషి ఎవరైనా గుర్తున్నారా? ఆమె పేరు గుర్తుంటే రాయండి...